మూడో వరుస క్లారినెట్

ఎల్లప్ప పదకొండేళ్లు క్లారినెట్ పట్టుకుని పెళ్లి ఊరేగింపుల్లో నడిచాడు. ఆ పదకొండేళ్లలో ఒక్కసారి కూడా ఊదలేదు.

వైకుంఠం బ్యాండులో ఇరవై ఒక్క మంది ఉండేవారు. నిజంగా వాయించేది పద్నాలుగు మంది. మిగతా ఏడుగురూ ఎర్రకోటు, జరీపట్టీ టోపీ వేసుకుని, ఏదో ఒక వాద్యం పట్టుకుని వరుసలు నింపేవారు. వాళ్లను డమ్మీలనేవారు. ఆ మాటలో చిన్నచూపేమీ లేదు. డోలు కొట్టేవాణ్ని డోలు అని పిలిచినట్టే. పెళ్లివారికీ సంగతి తెలుసు. తెలిసి కూడా ఇరవై ఒక్క మందీ రావాలనేవారు.

డమ్మీ చేతిలోని క్లారినెట్‌కు రీడు ఉండదు. నోట్లో పెట్టుకునే చోట కట్టే పలుచటి రెల్లు చెక్క అది. అది అదిరితేనే శబ్దం. తీసేస్తే మిగిలేది నల్లటి గొట్టం. ఎవరి ఊపిరో పొరపాటున తగిలి పాట చెడిపోకుండా యజమాని వైకుంఠం డమ్మీల రీడులన్నీ తీసి తన బ్యాండు దుకాణంలోనే ఉంచేవాడు.

ఊదకుండా నిలబడటంలోనూ పనితనం ఉంది. బుగ్గలు నిండుగా ఉండాలి. వాయించేవాళ్లు ఊపిరి తీసుకునే చోటే తనూ తీసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, పాట ఆగగానే బుగ్గలు ఖాళీ చేయాలి. పాట ఆగినా బుగ్గలు ఉబ్బించుకుని నిలబడ్డ డమ్మీని చూసి పెళ్లిలో అందరూ నవ్వుతారు.

ఎల్లప్పది ఛత్రినాక. మాణిక్యమ్మ ఇంట్లో వెనక గది అద్దెకు తీసుకుని, భార్య ఆగమ్మతో ఉండేవాడు. పగలు కూలిపని. కంచన్‌బాగ్‌లో కొత్త కర్మాగారం కడుతున్నారని తెలిశాక కాంట్రాక్టరు కింద అక్కడికే పోతున్నాడు. ముహూర్తాలున్న రోజుల్లో ఎర్రకోటు వేసుకునేవాడు. పొడుగ్గా, తక్కువ మాటలతో ఉండే మనిషి.

మిగతా డమ్మీలు వేళ్లను ఇష్టం వచ్చినట్టు ఆడించేవారు. ఎల్లప్పకు అది చేతకాలేదు. వేళ్లతో అబద్ధం ఆడుతున్నట్టు సిగ్గేసేది. అందుకని చేరిన మొదటి నెల నుంచే రామ్‌చందర్ మాస్టర్ వేళ్లను చూసి తన వేళ్లు కదపడం మొదలుపెట్టాడు. రామ్‌చందర్ ఆ బ్యాండుకు పెద్ద క్లారినెట్. నిజాం కాలంలో ఫౌజు బ్యాండులో వాయించినవాడు. ఊరేగింపులో అందరికీ ముందు, బ్యాండు వైపు తిరిగి వెనక్కు నడుస్తూ వాయించేవాడు. కాళ్ల కింద రాయి ఉందో, గుంత ఉందో చూసుకునేవాడు కాదు. ఎల్లప్ప కూడా చూసేవాడు కాదు. అతని కళ్లు మాస్టర్ వేళ్ల మీదే ఉండేవి.

అలా నలభై పాటలు ఎల్లప్ప వేళ్లలోకి వచ్చాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఒక రోజు తనకూ ఒక రీడు ఇస్తారు, ఇచ్చిన రోజు ఆ నలభై పాటలూ వాటంతటవే బయటికి వస్తాయి అని మాత్రం నమ్మాడు. ఒక్క ఊరేగింపులోనైనా తన క్లారినెట్ తనకు వినపడాలి. అంతకుమించి ఏదీ అనుకోలేదు.

డెబ్బై ఏడులో రామ్‌చందర్ మాస్టర్ పై వరస పళ్లు పోయాయి. రెండు మొదట వదులయ్యాయి, తరవాత మిగతావీ. పై పళ్లు ఆనకపోతే క్లారినెట్ నోట్లో నిలవదు. సికింద్రాబాద్ నుంచి వైకుంఠం కొత్త మనిషిని తెచ్చాడు. పాత మనిషిని పొమ్మనలేదు. మూడో వరుసలో, ఎల్లప్ప పక్కన నిలబెట్టాడు. మాస్టర్ తన రీడు తనే విప్పి, ఖాళీ నస్యం డబ్బీలో పెట్టి, కోటు లోపలి జేబులో వేసుకున్నాడు. 

ఆ రోజు గౌలిపురాలో పెళ్లి. రెండు పాటలయ్యాక ఎల్లప్ప పక్కకు వంగాడు.

“మాస్టర్, బుగ్గలు నింపుండ్రి.”

“ఏంది?”

“పండ్లు లేవు గద, బుగ్గలు లోపటికి పోతున్నయ్. పెండ్లోళ్లు చూస్తున్నరు. గాలి నోట్లనే పట్టి, ముక్కుతోని ఊపిరి తీస్కోండ్రి.”

మాస్టర్ అలాగే చేశాడు. పాట ముగిసింది. ఆయన బుగ్గలు ఉబ్బే ఉన్నాయి. ఎల్లప్ప మోచేత్తో మెల్లగా తాకాడు.

“పాట అయిపోయింది మాస్టర్. వదలుండ్రి.”

రామ్‌చందర్ వదిలాడు. కొంతదూరం నడిచాక, ముందుకే చూస్తూ అన్నాడు. “నలభై ఏండ్లు ఊదిన ఎల్లప్పా. ఊదకుండ ఉండుడు గింత కష్టమని తెల్వదు.”

నెల తరవాత ఒక పొద్దుటి పెళ్లి. ఊరేగింపయ్యాక బ్యాండువాళ్లంతా షామియానా వెనక నీడలో కూర్చున్నారు. రామ్‌చందర్ ఎల్లప్పను దగ్గరికి పిలిచాడు.

“సలామీ వాయించు, చూస్త.”

మగపెళ్లివారూ ఆడపెళ్లివారూ ఎదురుపడే చోట, ఎదురుకోళ్ల దగ్గర, వాయించే నిదానమైన పాటను బ్యాండులో సలామీ అనేవారు.

“రీడు లేదు గద మాస్టర్.”

“నాకుందా? చేతులతోని వాయించు.”

ఎల్లప్ప క్లారినెట్ ఎత్తాడు. వేళ్లు కదిలాయి. ఆ వేళ్లను చూస్తూ మాస్టర్ గొంతులోనే పాట కూనిరాగం తీశాడు. ఎక్కడా తప్పు పోలేదు. సగం దాటాక ఒక మలుపు దగ్గర ఎల్లప్ప చిటికెనవేలు నిటారుగా పైకి లేపాడు.

“ఆగు. గా వేలెందుకు లేపినవ్?”

“మీరు లేపుతరు గద.”

రామ్‌చందర్ తన కుడిచెయ్యి చాపి చూపించాడు. చిటికెనవేలు వంకరగా, బిగుసుకుపోయి ఉంది. “ఫౌజుల ఉన్నప్పుడు బండి తలుపు సందుల పడి నలిగింది. వంగదు. అందుకే లేస్తది. అది పాటల లేదురా.”

“నాకేం తెల్సు మాస్టర్. మీరు లేపిన్రు, నేను లేపిన.”

మాస్టర్ నవ్వబోయి ఆగిపోయాడు. తన వేలు చూసుకున్నాడు. ఎల్లప్ప చెయ్యి చూశాడు.

“నాది కుడిచెయ్యి. నువ్వు లేపింది ఎడమది.”

లేచి వచ్చి ఎల్లప్పకు ఎదురుగా కూర్చుని, తన క్లారినెట్ పట్టుకున్నాడు. మాస్టర్ ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద. ఎల్లప్ప కుడిచెయ్యి పైన, ఎడమచెయ్యి కింద. పదకొండేళ్లు ఎదురుగా నడుస్తూ చూసినవాడు అద్దంలో చూసినట్టు నేర్చుకున్నాడు.

“చేతులు నావే,” అన్నాడు మాస్టర్ మెల్లగా. “అద్దంల ఉన్నయ్.”

చిన్న బాకాలాంటి కార్నెట్ వాయించే మొగులయ్య పక్కనే పడుకుని అంతా విన్నాడు. లేచి కూర్చుని అందరికీ వినపడేట్టు అరిచాడు. “అరే భాయ్, ఇన్నరా! మన ఎల్లప్ప చెప్పులు ఉల్టా తొడిగి పదకొండేండ్లు నడిచిండట. కాలు సుత నొయ్యలేదట!”

అంతా నవ్వారు. ఎల్లప్ప కూడా నవ్వాడు. నవ్వు తగ్గాక అడిగాడు.

“గిట్లనే పట్టుకొని ఊదితే రాదా మాస్టర్?”

“కింద మీటలు కుడిచేతి కొరకు చేసినయ్. నీ వేలు అందదు. సగం సురాలు వస్తయ్, సగం రావు. సగం పాట వట్టుకొని ఎవరింటికి పోతవ్?”

“మార్చుకోవాలంటే ఎన్ని దినాలు పడ్తది?”

“వచ్చిందంతా మర్సిపోయేదాక.”

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఎల్లప్ప కంచం ముందు కూర్చున్నాడు కానీ తినలేదు. ఆగమ్మ ఛత్రినాక మార్కెట్‌లో కూరగాయలు అమ్మి అప్పుడే వచ్చింది. మిగిలిన బెండకాయలు వండింది.

“ఏందయ్యా, పెండ్లిల తిన్నవా?”

“తినలే.”

“మరి ఏంది లొల్లి?”

చెప్పాడు. నలభై పాటల గురించి కూడా చెప్పాడు. అది ఆమె వినడం మొదటిసారి. ఆగమ్మ ముందు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మొగుడి ముఖం చూసి ఆపేసింది.

“ఒకటి కాదు రెండు కాదు, పదకొండేండ్లు,” అన్నాడు ఎల్లప్ప. “అన్నీ ఉన్నయనుకున్న. ఒక్కటి లేదు.”

ఆగమ్మ గిన్నె కింద పెట్టింది.

“నేను ఎడమచేతిదాన్నని తెల్సా నీకు?”

ఎల్లప్ప తలెత్తాడు.

“మా అమ్మగారింట్ల అన్నీ ఎడమచేత్తోనే చేస్తుంటి. మీ ఇంటికొచ్చిన మొదటి దినం మీ నాయినకు ఎడమచేత్తోని అన్నం వడ్డిచ్చిన. మీ అమ్మ గంటె గుంజుకుంది. తెల్లారి నా కుడిచేతికి ఎర్రదారం కట్టింది. ‘ఇదే నీ చెయ్యి, రెండోది లేదనుకో’ అన్నది. ఆర్నెల్లు పప్పు కంచంల కన్న కిందనే ఎక్కువ పడ్డది. రోజూ తిట్లే.”

“నాకెన్నడు చెప్పలే.”

“అడిగినవా?” అంది. తరవాత మళ్లీ గంటె తీసుకుంది. “పదహారేండ్ల సంది నీకు అన్నం పెడ్తున్న చెయ్యి నాది కాదు. నేర్సుకున్న చెయ్యి. నువ్వు ఒక కట్టె కొరకు మార్చుకోలేవా?”

ఎల్లప్ప ఆ చెయ్యి వైపు చూశాడు. అది మామూలుగానే అన్నం పెడుతోంది. అతను తిన్నాడు. తిన్నాక ఆగమ్మ గూట్లోంచి దారపు ఉండ తీసి, అతని ఎడమ మణికట్టుకు మూడు చుట్లు చుట్టి ముడివేసింది.

“ఈ చెయ్యి మీద ఉండాలె. యాది పెట్టుకో.”

ఆదివారం పొద్దున ఎల్లప్ప లాల్‌దర్వాజాలో రామ్‌చందర్ మాస్టర్ గదికి వెళ్లాడు. మాస్టర్ భార్య పోయి చాలాకాలం. గదిలో ఒక మంచం, ఒక స్టవ్వు, గోడకు తగిలించిన ఎర్రకోటు. ఎల్లప్ప గడపలోనే నిలబడ్డాడు.

“ఊదుడు నేర్పుండ్రి మాస్టర్. మొదటి నుంచి.”

రామ్‌చందర్ అతని మణికట్టు మీది దారం చూశాడు.  కోటు జేబులోంచి నస్యం డబ్బీ తీశాడు. రీడును నీళ్లలో తడిపి, తన క్లారినెట్‌కే దారంతో చుట్టి కట్టి ఇచ్చాడు.

ఎల్లప్ప ఆయనకు ఎదురుగా కూర్చోబోయాడు.

“ఎదురుంగ వద్దు! మల్ల అద్దమైతది. నా పక్కకు రా.”

ఇద్దరూ చాప మీద పక్కపక్కనే గోడ వైపు తిరిగి కూర్చున్నారు. ఎల్లప్ప చేతిలో రీడున్న క్లారినెట్. మాస్టర్ చేతిలో అటక మీద నుంచి తీసిన పాత గొట్టం. మాస్టర్ వేళ్లు చూపించేవాడు, గొంతుతో సురం పలికేవాడు. ఎల్లప్ప ఊదేవాడు. మొదటి ఆదివారం గాలి తప్ప ఏమీ రాలేదు. రెండో ఆదివారం గొంతు పిసికిన బాతు అరిచినట్టు అరిచింది. పక్క వాటాలో ఉండే సుందరమ్మ తలుపు తోసుకుని తొంగిచూసింది.

“గోడకు ఏం వినిపిస్తున్నరు రామ్‌చందరన్నా ఇద్దరు?”

“పోరి చూపులకొచ్చినమమ్మా. మాట్లాడ్తలేదు,” అన్నాడు మాస్టర్.

మూడో ఆదివారం ఒక సురం తిన్నగా వచ్చింది. నాలుగు లెక్కపెట్టేంతసేపు నిలిచింది. ఎల్లప్ప క్లారినెట్ దించి, దాన్ని తిప్పి చూశాడు, ఆ సురం లోపల ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తున్నట్టు. మాస్టర్ స్టవ్వు వెలిగించి రెండు గ్లాసుల చాయ్ పెట్టాడు.

మాణిక్యమ్మ ఇంట్లో ఊదితే అయిదు కుటుంబాలు లేచి వస్తాయి. అందుకని పెళ్లిళ్లు లేని రోజుల్లో మాస్టర్ క్లారినెట్‌నే అన్నం టిఫినుతో పాటు సంచిలో పెట్టుకుని కంచన్‌బాగ్ తీసుకుపోయేవాడు. పగలు పని ఆపినప్పుడు కంచెకు ఇవతల బండరాళ్ల వెనక కూర్చుని, ఒక్కొక్క సురమే ఊదేవాడు. అక్కడ మేకలు మేసేవి. మొదట్లో పారిపోయేవి. రాను రాను పారిపోవడం మానేశాయి. ఆ మాట ఆగమ్మకు చెబితే, “మేకలకు నచ్చింది. ఇగ ఫికర్ లేదు పో,” అంది.

కష్టం ఊదడంలో లేదు, చేతుల్లో ఉంది. ఊపిరి మీద మనసు పెడితే చేతులు వాటంతటవే పాత చోటికి పోయేవి. కుడిచెయ్యి పైకి పాకేది. పనిలో అలసిపోయిన రోజు మరీను. ఒకసారి సలామీ మొదలుపెట్టి, రెండు వరుసలు పోయాక సురం చచ్చిపోయింది. చూస్తే చేతులు మారి ఉన్నాయి. ఎప్పుడు మారాయో తెలియలేదు. ఆ మధ్యాహ్నం సంచిలో పెట్టేసి, తొమ్మిది రోజులు తీయలేదు. పదో రోజు ఆగమ్మ అతని మణికట్టు మీద మాసిపోయి తెగబోతున్న దారం కోసేసి, కొత్తది కట్టింది. మర్నాడు మళ్లీ బండరాళ్ల వెనక్కు వెళ్లాడు.

ఎనిమిది నెలలకు సలామీ ఒక్కటి వచ్చింది. నలభైలో ఒకటి.

ఎండాకాలం ముహూర్తాలు మొదలయ్యే ముందు రామ్‌చందర్ మాస్టర్ అతన్ని వెంటబెట్టుకుని వైకుంఠం దుకాణానికి వెళ్లాడు. వైకుంఠం డోలు తాళ్లు బిగిస్తున్నాడు. విషయం విని చేయి ఆపాడు.

“మూడో వరుసల రీడా? గట్ల ఎన్నడన్న ఉందా మాస్టర్? ఒక్క అపసురం పడితే ఇరవై ఒక్క మంది ఇజ్జత్ పోతది.”

“ఇను ఒక్కసారి. నచ్చకుంటే నేను సుత మానేస్త,” అన్నాడు రామ్‌చందర్.

ఎల్లప్ప ఉలిక్కిపడ్డాడు. ఆ మాట ఇద్దరూ అనుకున్నది కాదు. వైకుంఠం ఇటు తిరిగి కూర్చోగానే, ఎదుట ఒక మనిషి ముఖం కనపడగానే, ఎల్లప్ప కుడిచెయ్యి పైకి కదిలింది. దారం చూసుకున్నాడు. చేతులు సరిచేసుకున్నాడు. కళ్లు మూసుకుని ఊదాడు. పాట చివరి దాకా వెళ్లింది. గొప్పగా ఏమీ లేదు. తప్పు కూడా లేదు.

వైకుంఠం డోలు తాడును మరో రెండు చుట్లు బిగించాడు.

“సలామీ ఒక్కటే,” అన్నాడు చివరికి. “అది సుత మెల్లగ. ఊరేగింపుల కండ్లు మూసుకుంటే కిందపడ్తవ్, యాదుంచుకో.”

పెళ్లి హరిబౌలిలో. పొద్దున తొమ్మిదింటికి ఎదురుకోళ్లు. ఎండ ఇంకా వేడెక్కలేదు. వీధి మొదట్లో వరుసలు కడుతుండగా రామ్‌చందర్ రీడు కట్టిన తన క్లారినెట్ ఎల్లప్ప చేతిలో పెట్టి, ఎల్లప్ప చేతిలోని డమ్మీని తను తీసుకున్నాడు. ముందు వరుస నుంచి మొగులయ్య వెనక్కు తిరిగాడు.

“ఎల్లప్పా, చెప్పులు సీదా తొడిగినవా ఇయ్యాల?”

“ఉట్టి కాళ్లతోనే వచ్చిన అన్నా,” అన్నాడు ఎల్లప్ప.

మొగులయ్య నవ్వలేదు. “ఏం కాదు. ఊదు,” అని ముందుకు తిరిగాడు.

నాలుగు పాటల దాకా ఎల్లప్ప ఎప్పటిలా బుగ్గలు నింపుకుని నడిచాడు. ఆడపెళ్లివారు హారతి పళ్లాలతో, గులాల్‌తో ఎదురొచ్చారు. బ్యాండు ఆగింది. కొత్త మాస్టర్ అలవాటు ప్రకారం బ్యాండు వైపు తిరిగి, క్లారినెట్ ఎత్తి, సలామీకి తల ఊపాడు.

ఎల్లప్ప ఊదాడు. మొదటి సురం మిగతావాటితో కలిసిపోయింది. తనది ఏదో తనకే తెలియలేదు. రెండో వరుసకు వచ్చేసరికి తెలిసింది. సన్నగా, కొంచెం వణుకుతూ, అందరి కింద నడుస్తున్నది తనదే. అది వింటూ తలెత్తాడు. ఎదురుగా కొత్త మాస్టర్ వేళ్లు ఎండలో మెరుస్తూ కదులుతున్నాయి. పదకొండేళ్లుగా ఎల్లప్ప కళ్లు నిలిచిన చోటు అదే. కళ్లు అక్కడే ఆగాయి. కుడిచేతి వేళ్లు రంధ్రాల మీద జారడం మొదలైంది. దారం కోటు చెయ్యి లోపలికి పోయి కనపడలేదు. సురం పలుచబడింది.

“ఎటు చూస్తున్నవ్,” అన్నాడు పక్క నుంచి రామ్‌చందర్. “నన్ను చూడు.”

ఎల్లప్ప కళ్లు పక్కకు తిప్పాడు. మాస్టర్ రీడు లేని క్లారినెట్ నోటికి ఆనించి, భుజం భుజానికి తగిలేంత దగ్గరగా నిలబడి ఉన్నాడు. ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద, గదిలో గోడ వైపు తిరిగి కూర్చున్నప్పటిలాగే. ఆ వేళ్లు కదులుతున్నాయి. ఎల్లప్ప వేళ్లు వాటి వెంట కదిలాయి. సురం మళ్లీ నిండింది. మలుపు దగ్గర మాస్టర్ చిటికెనవేలు పైకి లేచింది. ఎల్లప్పది కూడా లేచింది. పాటలో లేకపోయినా, ఈసారి కుడిచేతిదే లేచింది.

పెళ్లిలో ఎవరూ మూడో వరుసను చూడలేదు. వాళ్లు పెళ్లికొడుకు మీద గులాల్ చల్లుతున్నారు. ముందు వరుసలో డోలు పక్కన ఉన్న వైకుంఠం ఒకసారి తల వెనక్కు తిప్పి, మళ్లీ ముందుకు తిప్పుకున్నాడు.

పాట ముగిసింది. ఎల్లప్ప క్లారినెట్ దించాడు. పెదవులు మండుతున్నాయి. పక్కకు చూశాడు. రామ్‌చందర్ మాస్టర్ నల్లటి గొట్టాన్ని ఇంకా నోటికే ఆనించి నిలబడ్డాడు. బుగ్గలు నిండుగా ఉబ్బి ఉన్నాయి. కళ్లు ఎటో ఉన్నాయి.

ఎల్లప్ప మోచేత్తో మెల్లగా తాకాడు.

“అయిపోయింది మాస్టర్,” అన్నాడు. “వదలుండ్రి.”